గుల్‌మార్గ్ మంచు: ఒక్క అంకెకు లొంగని లెక్క

దసరా సెలవులు ముగిసేసరికి హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖపట్నంలో చాలా ఇళ్లలో చలికాలపు కశ్మీర్ యాత్ర గురించి మాటలు మొదలవుతాయి. టిక్కెట్లు, హోటళ్లు, పిల్లల స్వెటర్లు అన్నీ కుదిరాక ఒక ప్రశ్న మిగులుతుంది: మనం వెళ్లేసరికి గుల్‌మార్గ్‌లో మంచు ఉంటుందా? స్కీయింగ్ నేర్చుకోవాలని ఉబలాటపడే కుర్రకారు దానికి ఇంకొకటి కలుపుతారు: ఉంటే ఎంత ఉంటుంది? ఫోను తెరిస్తే జవాబు సిద్ధం. వచ్చే శుక్రవారం 28 సెంటీమీటర్లు, శనివారం 11 సెంటీమీటర్లు అని గీతలతో, బొమ్మలతో సహా కనిపిస్తుంది. ఈ అంకె గురించే ఈరోజు మాట్లాడదలచుకున్నాను. ఎంత ఎత్తున పడుతుందో చెప్పకుండా, ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పకుండా, కింద ఇదివరకే పడి ఉన్న మంచు సంగతి ఎత్తకుండా ఇచ్చే ఒంటరి అంకె, వాతావరణ శాస్త్రానికి నిజంగా తెలిసినదాని కన్నా ఎక్కువ చెబుతోంది. స్కీయింగ్ చేసే మనిషికి అవసరమైనదాని కన్నా తక్కువ చెబుతోంది. దీన్ని సరిచేయాలంటే పెద్ద కంప్యూటర్ కన్నా ముందు కావలసినవి రెండు: కొండ మీద రోజూ కొలిచే మనుషులు, కొలిచినదాన్నీ తెలియనిదాన్నీ కలిపి చెప్పే అలవాటు. నా వాదన ఇది.

ముందు ఆ కొండను చూద్దాం. గుల్‌మార్గ్ శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, పీర్ పంజాల్ పర్వతాల మధ్య దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక మైదానం. దిగువన తంగ్‌మార్గ్ ఊరు, అక్కడి నుంచి పైన్ చెట్ల మధ్య సుమారు 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మైదానం అంచు నుంచి గొండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, బయలుదేరుతుంది. దాని మొదటి దశ 1998లో తెరిచారు, అది కోంగ్‌డోరి వరకు పోతుంది. 2005లో తెరిచిన రెండో దశ అఫర్వట్ కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకువెళుతుంది. అంటే మనిషి అరగంట లోపే 1,300 మీటర్లు పైకి చేరుతాడు. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మబ్బు పట్టి తేమ నిండిన గాలిలో తగ్గుదల కాస్త తక్కువ. మైదానంలో ఒక డిగ్రీ ఉంటే పైన మైనస్ ఏడు దాకా ఉండవచ్చన్నమాట. మంచు కురుస్తూ గాలి లేని రోజున ఈ తేడాను గొండోలా అద్దం మీదే చూడవచ్చు. మొదట అద్దం మీద నీటి చుక్కలు జారుతుంటాయి. కాసేపటికి అవి బరువైన తడి రేకులై అద్దానికి అతుక్కుంటాయి. ఇంకా పైకి పోతే అవే గాజును తాకి, అంటకుండా ఎగిరిపోయే పొడి పలుకులవుతాయి. ఒకే మబ్బు, ఒకే గంట, ఒకే తీగ. ఇక గుల్‌మార్గ్‌లో ఎన్ని సెంటీమీటర్లు అనే ప్రశ్నకు ఏ గుల్‌మార్గ్ అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఒక్క డిగ్రీ తేడా వస్తే వానకూ మంచుకూ మధ్య గీత సుమారు 150 మీటర్లు పైకో కిందికో జరుగుతుంది. మూడు రోజుల ముందు చెప్పిన ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తప్పితే హైదరాబాద్‌లో ఎవరికీ పట్టదు, అది మంచి అంచనా కిందే లెక్క. గుల్‌మార్గ్‌లో మాత్రం ఆ ఒక్క డిగ్రీయే, కొత్తవాళ్లు స్కీలు కట్టుకునే మైదానపు వాలు మీద మంచు పడుతుందా, ఉన్న మంచును కరిగించే వాన పడుతుందా అన్నది తేలుస్తుంది. శ్రీనగర్ వాతావరణ కేంద్రం బులెటిన్లలో చాలాసార్లు వాన లేదా మంచు అని రెండూ కలిపి రాస్తారు. తప్పించుకోవడానికి అలా రాశారని విసుక్కునేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఆ మాటలో నిజాయితీ ఉంది; కాకపోతే అది సగంలో ఆగిపోయింది. ఏ ఎత్తుకు దిగువన వాన, ఏ ఎత్తుకు పైన మంచు అన్న ముక్క కూడా చేరితే అది పూర్తి మాట అవుతుంది.

కశ్మీర్ లోయకు చలికాలపు మంచును తెచ్చేవి పశ్చిమ కల్లోలాలు, వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వినిపించేవి. మధ్యధరా సముద్రం, కాస్పియన్ ప్రాంతాల వైపు పుట్టి, పై ఆకాశంలో వీచే పడమటి గాలులతో ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చే అల్పపీడన వ్యవస్థలవి. డిసెంబర్ 21న మొదలై నలభై రోజులు సాగే చిల్లై కలాన్‌లో, అంటే కశ్మీరీలు అతి తీవ్రమైన చలికాలంగా లెక్కించే రోజుల్లో, ఇవి ఒకదాని వెంట ఒకటి రావాలి. అలా వస్తేనే ఆ మంచు గట్టిపడి వేసవి దాకా నిలిచి వాగులకు నీరిస్తుంది. ఒక కల్లోలం వస్తోందని నాలుగైదు రోజుల ముందు చెప్పడం ఇవాళ బాగానే సాధ్యమవుతోంది. మన తీరానికి వచ్చే వాయుగుండాన్ని ముందే పసిగట్టడంలో వాతావరణ శాఖ ముందుకు పోయినట్టే ఇందులోనూ పోయింది. రెండు వారాలు దాటితే మాత్రం ఫలానా రోజు మంచు అని చెప్పడానికి శాస్త్రంలో ఆధారం లేదు. మొదట్లో ఉన్న అతి చిన్న తేడాలు పెరిగి పెద్దవై మొత్తం చిత్రాన్నే మార్చేస్తాయని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో చూపించాడు. ఆ హద్దును ఇంతవరకు ఎవరూ చెరపలేదు. అయినా కొన్ని యాప్‌లు పదహారో రోజు మంచును కూడా సెంటీమీటర్లలో చూపిస్తున్నాయి. దాన్ని నమ్మి సెలవు పెట్టుకోవడం కన్నా ఆ తేదీకి గత పదేళ్లలో ఏం జరిగిందో చూసుకోవడం మేలు.

కల్లోలం వస్తుందని తెలిసినా, దాన్ని సెంటీమీటర్లలోకి మార్చడం మరో మజిలీ. కంప్యూటర్ ముందుగా లెక్కగట్టేది నీటిని. ఇన్ని మిల్లీమీటర్ల నీరు ఆకాశం నుంచి దిగుతుందని చెప్పి, దాన్ని మంచు లోతుగా మారుస్తారు. ఒకటికి పది అన్నది వాడుకలో ఉన్న లెక్క: 20 మిల్లీమీటర్ల నీరు, 20 సెంటీమీటర్ల మంచు. కానీ సున్నాకు దగ్గరగా తడితడిగా పడే మంచు అదే నీటితో 12 సెంటీమీటర్లకు మించకపోవచ్చు. బాగా చల్లని గాలిలో, మబ్బులోపల మైనస్ 15 చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఉన్నప్పుడు పుట్టే కొమ్మల కొమ్మల స్ఫటికాలు తమ మధ్య గాలిని నింపుకుని 30 సెంటీమీటర్లు దాటి పేరుకోవచ్చు. ఏ ఉష్ణోగ్రతకు, ఎంత తేమకు ఏ ఆకారపు స్ఫటికం పుడుతుందో 1930ల్లో జపాన్‌లోని హొక్కైడోలో ఉకిచిరో నకాయా అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగశాలలోనే మంచు స్ఫటికాలను పెంచి తేల్చాడు. అంటే నీటి లెక్క అచ్చంగా సరిపోయినా లోతు 12కీ 30కీ మధ్య ఎక్కడైనా తేలవచ్చు. పైగా నీటి లెక్కలోనే తేడా ఉంటుంది. ఇన్ని మెట్లు దాటి వచ్చిన సంఖ్యను 28 అని ఒక్క సెంటీమీటరు ఖచ్చితత్వంతో అచ్చు వేస్తే, చదివేవాడికి కలిగే నమ్మకానికి ఆధారం ఎక్కడుంది? 15 నుంచి 35 మధ్య, ఎక్కువగా 25 దగ్గర అని చెబితే అదే శాస్త్రం, అదే కంప్యూటర్, కానీ నిజమైన మాట.

కొలవడంలోనూ ఇబ్బందులు తక్కువేమీ కావు. గాలి వీస్తుంటే మంచు పలుకులు కొలపాత్ర మూతి మీదుగా ఎగిరిపోతాయి. గట్టి గాలిలో పాత్రలో పడేది అసలు కురిసినదాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు చెట్ల చాటున, గాలి తగలని చోట తెల్లరంగు వేసిన చదునైన పలక పెట్టి, దాని మీద నిలిచిన మంచును గుర్తులున్న కర్రతో కొలిచి, తుడిచి మళ్లీ పెడతారు. ఒకే పలకను ఆరు గంటలకోసారి తుడిచి కొలిస్తే వచ్చే మొత్తం, రోజుకోసారి కొలిస్తే వచ్చేదాని కన్నా ఎక్కువ, ఎందుకంటే మంచు తన బరువుకు తానే అణుగుతుంది. మన దేశంలో వాతావరణ శాఖ 24 గంటల లెక్కను పొద్దున ఎనిమిదిన్నరకు ముగిస్తుంది. వార్తల్లో గుల్‌మార్గ్‌లో ఇన్ని సెంటీమీటర్లు అని వినిపించినప్పుడు, అది ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొలిచారన్నది వినేవాళ్లకు తెలియదు.

లోతు సరిగ్గా తెలిసినా స్కీయింగ్ ఎలా ఉంటుందో తెలిసినట్టు కాదు. గాలి లేకుండా పడిన 30 సెంటీమీటర్ల పొడి మంచు పిక్కల దాకా మెత్తగా విచ్చుకుని దారి ఇస్తుంది. దానికోసమే ఆస్ట్రేలియా నుంచి, రష్యా నుంచి, యూరప్ నుంచి జనం గుల్‌మార్గ్ వస్తారు. అదే 30 సెంటీమీటర్లు పడుతుండగా శిఖరం మీద గాలి హోరెత్తితే, గాలి తగిలే వైపు కొండ గీకినట్టు బోసిపోతుంది, చాటు వైపు మంచు రెండింతలై గట్టి పలకగా అతుక్కుంటుంది. ఎండ కాసిన మధ్యాహ్నం కరిగి, రాత్రి గడ్డకట్టిన మంచు మీద పైపెంకు ఏర్పడుతుంది. స్కీ అంచు ఆ పెంకును ఒకచోట కోస్తుంది, మరోచోట పట్టక జారుతుంది. ఇలాంటి చోట మోకాళ్లకు దెబ్బలు తగలవచ్చు. గుల్‌మార్గ్ ఉన్నది 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఆల్ప్స్ కన్నా చాలా దక్షిణాన ఉండటం వల్ల ఫిబ్రవరి చివరికి ఎండ చురుకెక్కుతుంది, ఈ పెంకు కూడా తొందరగా కడుతుంది. గాలి మరీ ఎక్కువైతే గొండోలా రెండో దశ ఆపేస్తారు. పైన ఎంత మంచి మంచు ఉన్నా ఆరోజు అది కింద ఉన్నవాళ్లకు లేనట్టే. కాబట్టి స్కీయర్‌కు లోతు ఎంతో గాలి వేగం, దిశ, రాత్రి చలి, ఎండ తగిలే వైపు కూడా అంతే ముఖ్యం.

ఇక అన్నిటికన్నా గంభీరమైన విషయానికి వస్తాను. కొండ మీది మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కో కల్లోలం ఒక్కో పొర వేస్తుంది, పొరల మధ్య ఎండరోజులూ చలిరాత్రులూ తమ గుర్తులు వదిలిపోతాయి. మొదట్లో పలచగా మంచు పడి, తర్వాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉంటే ఏం జరుగుతుందో చూడండి. నేల దగ్గర మంచు సున్నాకు సమీపంలో ఉంటుంది. పైభాగం రాత్రిపూట మైనస్ పదికీ పదిహేనుకీ దిగిపోతుంది. పలచని పొరలో ఇంత తేడా ఉన్నప్పుడు కింది నుంచి ఆవిరి పైకి పాకుతూ స్ఫటికాలను మార్చేస్తుంది. కొమ్మల ఆకారం పోయి, ఒకదానితో ఒకటి అతుక్కోని కోణాల పలుకులు మిగులుతాయి. పిడికిలిలోకి తీసుకుంటే ముద్ద కట్టకుండా పంచదారలా వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి. నీడ పట్టున ఉండే వాలుల్లో, ఎత్తైన చోట్ల ఈ పొర నిలిచి ఉంటుంది. దాని మీద ఒకేసారి అరమీటరు, మీటరు కొత్త మంచు పడి, గాలికి పలకగా బిగిసిందనుకోండి. పై పలక బలంగానే ఉంటుంది, కానీ అది నిలబడింది ఆ రాలే పలుకుల మీద. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే, ఒక మనిషి బరువు చాలు ఆ పలక మొత్తం తెగి జారడానికి. చూసేవాడికి పైన కనిపించేది నునుపైన తెల్లని వాలు. పర్యాటకుడి ఫోనులో కనిపించేది 60 సెంటీమీటర్ల కొత్త మంచు అనే శుభవార్త.

2023–24 చలికాలం గుర్తు చేసుకోండి. డిసెంబర్‌లో జమ్మూకశ్మీర్‌లో కురవవలసినదాంట్లో దాదాపు 80 శాతం లోటు. జనవరి సగం గడిచినా గుల్‌మార్గ్ మైదానం గోధుమ రంగు గడ్డితో బోసిగా ఉంది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి, చాలామంది బుకింగులు రద్దు చేసుకున్నారు. జనవరి చివర్లో మొదలై ఫిబ్రవరిలో మంచు బాగా పడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరుగుతున్న ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 22న, అఫర్వట్ వాలుల్లో మంచు చరియ విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. అంతకు ముందు ఏడాది, 2023 ఫిబ్రవరి 1న, అదే కొండ మీద మరో చరియ కింద ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మార్గ్‌కు పైనున్న ఖిలన్‌మార్గ్ దగ్గర, ఎత్తైన ప్రాంతాల యుద్ధ విద్యలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికులు మంచు చరియకు బలైపోయారు. వాళ్లు కొండ తెలియనివాళ్లు కారు, శిక్షణ కోసమే వచ్చినవాళ్లు. సుదీర్ఘమైన పొడి వాతావరణం, దాని వెంటనే భారీ మంచు అనే వరస ఏ పర్వతం మీదైనా ప్రమాద సంకేతమే. ఈ వరస రేపటి అంచనాలోని అంకెలో కనిపించదు. గడిచిన రెండు నెలల చరిత్రలో కనిపిస్తుంది.

మంచు చరియల ముప్పును ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిల్లో చెప్పే పద్ధతి యూరప్‌లో 1993 నుంచి ఉంది. మన దేశంలో రక్షణ పరిశోధన సంస్థ ఆధ్వర్యంలోని డీజీఆర్ఈ, అంటే ఒకప్పటి మనాలీ మంచు పరిశోధన కేంద్రానికి వారసురాలైన సంస్థ, జిల్లాల వారీగా ఇలాంటి హెచ్చరికలు ఇస్తోంది. ఈ స్థాయిల గురించి ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. స్విట్జర్లాండ్ అనుభవంలో మరణాల్లో దాదాపు సగం మూడో స్థాయి ప్రకటించిన రోజుల్లోనే జరిగాయి. నాలుగు, ఐదు అన్నప్పుడు జనం భయపడి ఆగిపోతారు. మూడు అంటే మధ్యరకం అనుకుని బయలుదేరుతారు. చరియ కింద చిక్కినవాడిని పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయగలిగితే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. అంటే దిగువ నుంచి సహాయక బృందం వచ్చేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది. గొండోలా చుట్టూ గస్తీ బృందం కాపలా కాసే వాలులు వేరు, వాటికి అవతల ఉన్న బహిరంగ కొండ వేరు. ఈ గీత ఎక్కడుందో తెలియకుండా మంచు లోతు ఒక్కటే తెలిసిన పర్యాటకుడికి ఆ సమాచారం మేలు కన్నా కీడే చేయవచ్చు.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు తేలికపాటివి కావు. మొదటిది, సామాన్యుడికి ఇంత వివరం ఎందుకు, అవునో కాదో చెబితే చాలదా అన్నది. అవకాశాలూ పరిధులూ చెబితే జనం తికమకపడతారని వాతావరణ నిపుణుల్లోనే కొందరు చాలాకాలం నమ్మారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సూసన్ జోస్లిన్, జారెడ్ లెక్లెర్క్ ఈ నమ్మకాన్ని పరీక్షించారు. రాత్రికి నీరు గడ్డకట్టేంత చలి వస్తుందా, రోడ్డు మీద ఉప్పు చల్లించాలా వద్దా అని మామూలు మనుషులను నిర్ణయాలు తీసుకోమన్నారు. 2012లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, ఒక్క ఉష్ణోగ్రత అంకె ఇచ్చినవాళ్ల కన్నా గడ్డకట్టే అవకాశం ఎంత శాతమో కూడా ఇచ్చినవాళ్లు మెరుగైన నిర్ణయాలు తీసుకున్నారు. అంతకన్నా ముఖ్యమైనది, అంచనా తప్పినప్పుడు కూడా వాళ్లకు దాని మీద నమ్మకం అంతగా సడలలేదు. అసలు తెలుగు శ్రోతలకు ఇది కొత్తేమీ కాదు. ఒకటి రెండు చోట్ల, కొన్ని చోట్ల, అనేక చోట్ల అని ఆకాశవాణి వాతావరణ విశేషాల్లో దశాబ్దాలుగా వింటున్న మాటల వెనక, ఒక ప్రాంతంలోని ఎన్ని శాతం కేంద్రాల్లో వాన పడవచ్చు అన్న లెక్క ఉంది. తుపాను వస్తుంటే తీరంలో మనం చూసే పటంలో దారి ఒక గీతగా ఉండదు, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీగా ఉంటుంది. ఆ పట్టీని చూసి మచిలీపట్నం మత్స్యకారుడు పడవను ఒడ్డుకు చేరుస్తాడు. తుపానులో సందిగ్ధాన్ని అర్థం చేసుకున్నవాళ్లు మంచులో అర్థం చేసుకోలేరని అనడం సబబు కాదు.

రెండో అభ్యంతరం సాంకేతికతను నమ్మేవాళ్లది. ఇవాళ కాకపోతే రేపు కంప్యూటర్లే అన్నీ సరిగ్గా చెబుతాయి, కొండ మీద మనుషులెందుకు అంటారు. పురోగతి నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థలో తయారైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను 2025 మే నెలలో ప్రారంభించారు. అంతకు ముందు 12 కిలోమీటర్ల గడులుగా భూగోళాన్ని విభజించి లెక్కించేవారు, ఇది 6 కిలోమీటర్ల గడులతో లెక్కిస్తుంది. ప్రపంచం మొత్తానికి ఇంత సన్నని అల్లిక గొప్ప విషయం. అయినా గుల్‌మార్గ్ గొండోలా రెండు దశలూ కలిపి పొడవు దాదాపు 5 కిలోమీటర్లే. వాన పడే అడుగునూ పొడిమంచు పడే శిఖరాన్నీ కలిపి ఒక గడి మింగేస్తుంది. ఆ గడికి కంప్యూటర్ ఇచ్చేది ఒక సగటు ఎత్తు, ఒక సగటు ఉష్ణోగ్రత. గడులు ఇంకా సన్నబడతాయి, పాత లెక్కల నుంచి నేర్చుకునే కృత్రిమ మేధ కూడా వస్తోంది. కానీ నేర్చుకోవడానికి దానికి కావలసినది ఏమిటి? ఆ కొండ మీద ఏళ్ల తరబడి, రోజు తప్పకుండా, ఒకే పద్ధతిలో కొలిచిన లెక్కలు. స్విట్జర్లాండ్‌లో దావోస్ పైన వైస్‌ఫ్లుయోఖ్ అనే చోట 2,536 మీటర్ల ఎత్తున ఒక చదును నేల ఉంది. 1936 నుంచి అక్కడ మంచును కొలుస్తూనే ఉన్నారు. ఆ పని చూసే స్విట్జర్లాండ్ మంచు పరిశోధన సంస్థకు యంత్రకేంద్రాలు ఎన్నో ఉన్నా, దేశమంతటా సుమారు రెండు వందల మంది పరిశీలకులు ఇప్పటికీ లెక్కలు పంపుతున్నారు. మంచులో గొయ్యి తవ్వి ఏ పొర ఎంత బలంగా ఉందో వేళ్లతో నొక్కి చూసే పని కూడా అందులో ఉంది. యంత్రాలు పెరిగినా ఆ పని అక్కడ ఆగలేదు.

మూడో అభ్యంతరం బతుకు గురించినది, అన్నిటికన్నా దాన్నే నేను ఎక్కువ గౌరవిస్తాను. గుల్‌మార్గ్‌లో చెక్కబండి మీద పర్యాటకుణ్ని కూర్చోబెట్టి లాగే మనిషికి, గుర్రం నడిపేవాడికి, స్కీలు అద్దెకిచ్చేవాడికి, గైడ్‌కు చలికాలపు రెండు మూడు నెలలే ఏడాది సంపాదన. మంచు పడకపోవచ్చు, పడినా ఇంతే పడవచ్చు అని బహిరంగంగా చెబితే ఆ కాస్త గిరాకీ కూడా పోతుందని వాళ్ల భయం. దీనికి జవాబు కొంతవరకు అమెరికా నుంచి వచ్చింది. డార్ట్‌మత్ కళాశాల ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్‌మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ అక్కడి స్కీ రిసార్టులు స్వయంగా ప్రకటించే కొత్త మంచు లెక్కలను పరిశీలించారు. 2009లో వెలువడిన వారి తొలి పత్రం ప్రకారం, వారాంతాల్లో ప్రకటించిన మంచు మామూలు రోజుల కన్నా సుమారు 23 శాతం ఎక్కువ. ప్రకృతికి శనివారం, ఆదివారం తెలియవు కదా. తర్వాత స్కీయర్లు కొండ మీద నుంచే తాము చూసిన మంచును అందరికీ చెప్పే సదుపాయం ఫోనుల్లోకి వచ్చాక ఆ అతిశయోక్తి గట్టిగా తగ్గింది. ఫోను సిగ్నల్ బాగా ఉన్న కొండల్లో ఇంకా ఎక్కువగా తగ్గింది. మన విషయంలో ఇది చెప్పేదేమిటంటే, ఎక్కువ చేసి చెప్పిన లెక్క ఎలాగూ బయటపడుతుంది. గడ్డి మైదానం ఫొటో ఒక్క పూటలో దేశమంతా తిరిగే రోజులివి. పెంచి చెప్పి ఒకసారి రప్పించుకున్న కుటుంబం మళ్లీ రాదు. మైదానంలో మంచు తక్కువ, కోంగ్‌డోరి పైన బాగుంది, పిల్లలు ఆడుకోవడానికి గొండోలా మొదటి దశ చాలు అని నిజం చెబితే, రద్దయ్యే బుకింగుల్లో కొన్నైనా నిలబడతాయి. ఎత్తు చెప్పడం వల్ల వ్యాపారం దెబ్బతింటుందన్న భయం కన్నా, ఎత్తు చెప్పకపోవడం వల్ల జరుగుతున్న నష్టమే పెద్దది.

నిజం చెప్పి వాయిదా వేసినందువల్ల పని చెడలేదని గుల్‌మార్గే చూపించింది. 2025 ఖేలో ఇండియా శీతాకాల క్రీడల గుల్‌మార్గ్ అంకం ఫిబ్రవరి 22న మొదలు కావలసింది. మంచు చాలక నిర్వాహకులు ముందుగానే వాయిదా ప్రకటించారు. ఫిబ్రవరి చివరి వారంలో బలమైన పశ్చిమ కల్లోలం వచ్చి మంచు నింపింది. మార్చి 9 నుంచి 12 దాకా పోటీలు జరిగాయి. నెలల ముందు కాగితం మీద రాసుకున్న తేదీ కన్నా కొండ మీది పరిస్థితికి విలువ ఇచ్చిన ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. క్రీడల నిర్వాహకులకు చేతనైనది మన కుటుంబాలకు చేతకాదా అంటే, కొంతవరకు చేతకాదనే చెప్పాలి. రైలు, విమాన టిక్కెట్లు ముందే కొనాలి, సెలవులు ముందే పెట్టాలి. అందుకే ఎన్ని రోజుల ముందు ఏం అడగాలో తెలిసి ఉండటం అవసరం. మూడు నెలల ముందు అడగవలసింది అంచనా కాదు, ఆ వారంలో గత సంవత్సరాల్లో ఏ ఎత్తున ఎంత మంచు ఉండేదన్న లెక్క. పది రోజుల ముందు అడగవలసింది, కల్లోలం వచ్చే అవకాశం ఉందా అన్నంతవరకే. మూడు రోజుల ముందు మంచు గీత ఏ ఎత్తున ఉంటుంది, గాలి ఎంత అని అడగవచ్చు. వెళ్లే రోజు పొద్దున మాత్రం అడగవలసింది కొత్తగా ఎంత పడిందని కాదు. దాని కింద ఏముంది, ఈరోజు ముప్పు స్థాయి ఎంత, గస్తీ ఉన్న వాలు ఎక్కడితో అయిపోతుంది అని.

వాతావరణ శాస్త్రవేత్త అలన్ మర్ఫీ 1993లో రాసిన ఒక వ్యాసంలో మంచి అంచనాకు మొదటి లక్షణంగా ఒక మాట చెప్పాడు: అంచనా వేసేవాడి మనసులో నిజంగా ఉన్న అభిప్రాయమే బయటికి వచ్చిన ప్రకటనలోనూ ఉండాలి. మనసులో సందేహం ఉంటే ప్రకటనలోనూ సందేహం ఉండాలి. గుల్‌మార్గ్ విషయంలో అలాంటి ప్రకటన ఎలా ఉంటుందో ఊహించి చెబుతాను. రేపు రాత్రి నుంచి మంచు. 2,500 మీటర్ల దిగువన వాన, ఈ గీత 200 మీటర్లు అటూ ఇటూ కావచ్చు. మైదానంలో 5 నుంచి 20 సెంటీమీటర్లు, కోంగ్‌డోరిలో 15 నుంచి 35, పైన 25 నుంచి 50. శిఖరం మీద నైరుతి గాలి బలంగా ఉంటుంది కాబట్టి రెండో దశ మూతపడే అవకాశం ఎక్కువ. జనవరి పొడిరోజుల్లో ఏర్పడిన బలహీనమైన పొర నీడ వాలుల్లో ఇంకా ఉంది, గస్తీ గీత దాటవద్దు. చదవడానికి నిమిషం కూడా పట్టదు. రేడియోలో కశ్మీరీలోనూ ఉర్దూలోనూ హిందీలోనూ చెప్పవచ్చు, హోటల్ గోడకు అతికించవచ్చు. ఇందులో ప్రతి ముక్కకూ అవసరమైన శాస్త్రం ఇప్పటికే ఉంది. శ్రీనగర్ కేంద్రం దగ్గర వాతావరణం ఉంది, డీజీఆర్ఈ దగ్గర చరియల జ్ఞానం ఉంది, గొండోలా గస్తీ బృందానికి ఆ వాలులు అరచేతి గీతల్లా తెలుసు. మూడు చోట్ల విడివిడిగా ఉన్న ఈ మాటలు ఒకే కాగితం మీదికి రావాలి. దానికి తోడు మైదానంలో ఒకటి, కోంగ్‌డోరిలో ఒకటి, గొండోలా చివరి స్టేషన్ దగ్గర గాలి తగలని చోట ఒకటి, మూడు తెల్ల పలకలు పెట్టాలి. పొద్దున ఎనిమిదిన్నరకు వాటిని కొలిచి, తుడిచి, ఎత్తుతో సహా లెక్క రాసి అందరికీ కనిపించేలా పెట్టడానికి మనుషులను నియమించాలి. గుర్రాలకూ చెక్కబండ్లకూ గిరాకీ లేని రోజుల్లో కూడా ఆ కొండను విడవని యువకులు తంగ్‌మార్గ్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు; ఈ ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి.